రోజంతయు వినదగిన స్పీకరు

మన పాఠశాల గ్రంథాలయమందలి కంప్యూటరునకు క్రొత్త స్పీకర్లు కొనవలెనని తల్లిదండ్రుల సంఘమువారు తలపెట్టియున్నారు. అందుకు వలసిన సొమ్మును సమకూడినది. ఏ రకమువి కొనవలెనన్న విషయమున మాత్రము ఏకాభిప్రాయము కుదురలేదు. నేలపై నుంచెడు పెద్ద పెట్టె యొకటి, దానికి తోడుగా రెండు చిన్న పెట్టెలు, వాని ముఖమున రంగురంగుల దీపములు గల సెట్టును పెద్దలు పలువురు కోరుచున్నారు. బల్లపై నిమిడెడు చిన్న స్పీకర్ల జత యొకటి చాలునని నేనంటిని. నా మాట కొందఱకు పిసినారితనముగా తోచినట్లున్నది. "పిల్లలకు కొనేటప్పుడు చిన్నది ఎందుకు అయ్యవారూ?" అని యొక తండ్రిగారు నవ్వుచునే యడిగిరి. ఆనాడు సమయము చాలనందున నా యభిప్రాయమును కారణములతో ఇచ్చట వ్రాయుచున్నాను. ఇది గ్రంథాలయమునకు మాత్రమే చెందిన విషయము కాదు. పిల్లవాడు చదువుకొనుటకో, అక్కయ్య యుద్యోగము చేసికొనుటకో బల్లమీద కంప్యూటరు వెలసిన ప్రతి యింటికిని ఇది వర్తించును.

ముందుగా నా తప్పు నొకదానిని ఒప్పుకొనవలసియున్నది. కొంతకాలముగా నేను గ్రంథాలయమున నలుగురైదుగురు పిల్లలను బల్లచుట్టును కూర్చుండబెట్టి, కంప్యూటరులో కథలను, పద్యములను వినిపించి, ఉక్తలేఖనము వ్రాయించుచుంటిని. పిల్లలు 'కథ'ను 'కద' యనియు, 'ధనము'ను 'దనము' అనియు, 'శాంతి'ని 'సాంతి' యనియు వ్రాయుచుండిరి. నేను ఎఱ్ఱసిరాతో సున్నలు చుట్టుచుంటిని. దీనికి కారణమేమని యెవరైన నడిగిన నాకు సమాధానము సిద్ధముగా నుండెడిది. తమిళలిపియందు క, ఖ, గ, ఘ లన్నిటికిని ఒక్కటే యక్షరము. బస్సుమీదను, అంగడిమీదను, సినిమా ప్రకటనమీదను చిన్ననాటినుండి ఆ లిపినే చూచుచు పెరిగిన మన హోసూరు ప్రాంతపు పిల్లలకు వత్తక్షరములు పట్టుపడుట కష్టమని చెప్పెడివాడను. నేను ఉపాధ్యాయశిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమున, చిత్తూరు జిల్లాలో. అచ్చటి బడులలో పాఠము చెప్పి నేర్చుకొన్న నాకు ఇచ్చటి పిల్లల తప్పులన్నియు పరిసరముల తప్పులుగనే కనబడెను.

ఒకనాడు పాఠము నడుమ కరెంటు పోయెను. మిగిలిన కథను నేనే పుస్తకము చూచి చదివితిని. ఆ భాగమున తప్పులు సగమునకు పైగా తగ్గియుండెను. అప్పటికిని నాకు విషయము తట్టలేదు. కొన్ని దినములైన పిమ్మట, పిల్లలు లేని వేళ ఒక కుర్చీలో కూర్చుండి, పిల్లవాని తల యెత్తునకు వంగి అదే కథను వింటిని. 'ఖండము' అన్నదో 'గండము' అన్నదో నాకును తెలియలేదు. ఇదివఱకు నిలుచుండి వినునపుడు తెలిసినట్లుండుటకు కారణము కథ నాకు ముందే వచ్చియుండుట గాని చెవి కాదు. ఆ స్పీకరు కంప్యూటరు తెరకు వెనుక, గోడవైపు తిరిగియుండెను. అందుండి వెలువడు మాట కుండలో నోరుపెట్టి పలికినట్లుండెను. పిల్లలు విన్నది విన్నట్లు వ్రాసిరి. ఎఱ్ఱసిరా పడవలసినది వారి పుస్తకములమీద కాదు.

అది మొదలు ఈ చిన్న వస్తువును గూర్చి శ్రద్ధ వహించుచున్నాను. మన తాతల కాలమున ఈ సరిహద్దు గ్రామములలో తెలుగు మాటను దూరమునుండి తెచ్చినది రేడియో. మదరాసు రేడియో కేంద్రము 1938 జూన్ 16వ తేదీని, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీని ప్రారంభమైనవి. మధ్యతరంగములు రాత్రివేళ ఎక్కువ దూరము ప్రయాణించును గనుక, చీకటిపడిన పిమ్మట మర త్రిప్పి త్రిప్పి దూరపు కేంద్రములను పట్టుకొని వార్తలను నాటకములను విన్న పెద్దలు మన యిండ్లలో ఇంకను ఉన్నారు. ఆ పెట్టె గూటిలో కూర్చుండి ఇల్లంతటికిని వినిపించెడిది. వంట చేయు తల్లియు, మంచముమీది అవ్వయు, చదువుకొను పిల్లవాడును ఒకే మాటను వినెడివారు. నేడు ఆ స్థానమున కంప్యూటరును సెల్ ఫోనును కూర్చున్నవి. చెవిలో దూర్చుకొను ఇయర్‌ఫోనులు వచ్చిన పిదప ఒకరు విన్నది మఱియొకరికి వినబడదు. పిల్లవాడు వినుచున్నది ఏ భాషయో తల్లికి తెలియదు. కథలో 'గరిసె' అనియో 'కవ్వము' అనియో మాట వచ్చిన, అదేమని పిల్లవాడు తల యెత్తి యడుగుటయు, అవ్వ చెప్పుటయు లేకుండ పోయినవి. వీధిలో అడుగడుగున తెలుగు వినబడు ఊరిలో ఈ లోటు తెలియకపోవచ్చును. బడియు ఇల్లును తప్ప తెలుగునకు వేఱు చోటులేని మనకు ఇది చిన్న నష్టము కాదు. కావుననే నేను ఇయర్‌ఫోనులకంటె స్పీకరునే కోరుచున్నాను.

చెవి యారోగ్యమును ఇందులో నున్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థయు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘమును కలిసి 2019లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము పెద్దలు వారమునకు 40 గంటలు 80 డెసిబెల్స్ ధ్వనిని, పిల్లలు అంతే కాలము 75 డెసిబెల్స్ ధ్వనిని మించి వినరాదు. అటుపైని ప్రతి 3 డెసిబెల్స్ పెంపునకును అనుమతింపదగిన కాలము సగమగును. ఇయర్‌ఫోనులు పెట్టుకొన్నవాడు బయటి సందడిని జయింపదలచి ధ్వనిని పెంచుకొనుచు పోవును. వాడు ఎంత పెంచినదియు ప్రక్కవారికి తెలియదు. స్పీకరైనచో తల్లి వంటయింటినుండియే "తగ్గించరా" అని కేకవేయగలదు. ఇంతకన్న చౌకయైన రక్షణసాధనము నేనెఱుగను.

ఇక 'రోజంతయు' అన్న మాటను గూర్చి. బెంగుళూరు మనకు సుమారు 40 కిలోమీటర్ల దూరము. అచ్చటి కంపెనీలలో ఉద్యోగము చేయుచు, వారమున కొన్ని దినములు ఇంటినుండియే పనిచేయు అన్నలు, అక్కలు మన విద్యార్థులలో చాలమందికి కలరు. ఉదయము వారి సమావేశములు, సాయంత్రము పిల్లల పాఠములు, రాత్రి పాటలు, ఇట్లు తొమ్మిది పది గంటలకాలము బల్లమీది స్పీకరు పలుకుచునే యుండును. పెండ్లి పందిటిలో గంటసేపు మ్రోగు స్పీకరునకును, ఇంటిలో దినమంతయు పలుకు స్పీకరునకును కావలసిన గుణములు ఒకటి కావు. పందిటిలో నలుదిక్కుల వినబడవలెను. ఇంటిలో తగ్గుస్వరమున స్పష్టముగా వినబడి, తలనొప్పి తేకుండవలెను. మన సంఘమున వచ్చిన అభిప్రాయభేదమంతయు ఈ రెండింటిని వేఱుచేయకపోవుటచే కలిగినదని నా నమ్మకము.

స్పీకరు పనిచేయు తీరు ఉన్నత తరగతుల విద్యార్థులకు సులభముగ తెలియును. అయస్కాంతపు నడుమ నొక తీగచుట్ట. దానికి అంటియున్న గరాటువంటి పలుచని పొర. తీగచుట్టలో ప్రవహించు విద్యుత్తు మాఱినకొలదిని ఆ పొర ముందువెనుకల కదలి గాలిని కదిలించును. 1925లో అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అను నిరువురు ఇంజనీర్లు ప్రకటించిన నిర్మాణమే ఇంతకాలమైనను మూలమున మాఱలేదు. పెద్ద పొర మంద్రధ్వనులకు అనుకూలము. చిన్న పొర చుఱుకుగా కదలి తారధ్వనులను చక్కగా పలుకును. మనుష్యుని చెవి సుమారు 20 హెర్ట్జ్ మొదలు 20,000 హెర్ట్జ్ వఱకు వినగలదు. పురుషుని కంఠపు మూలస్వరము 100 హెర్ట్జ్ ప్రాంతమునను, స్త్రీ కంఠపు మూలస్వరము 200 హెర్ట్జ్ ప్రాంతమునను ఉండును. కాని మాటను మాటగా గుర్తింపజేయునవి అంతకు చాల పైనున్నవి. సకారమునందలి బుసబుస 4,000 హెర్ట్జ్ పైననే ఎక్కువగా నుండును. శకార షకారములది దానికి కొంచెము క్రిందు. వత్తక్షరమునందలి వత్తు అనగా నేమి? అల్పప్రాణము వెంట వెడలు చిన్న యూపిరి. సెకండులో పదవవంతు కూడ నిలువని ఆ నిట్టూర్పును స్పీకరు మ్రింగివేసిన 'ఖ'కు 'క' మిగులును, 'ఫలము' 'పలము' అగును. పాత టెలిఫోనులు 300 మొదలు 3,400 హెర్ట్జ్ వఱకు గల ధ్వనులను మాత్రమే పంపెడివి. ఫోనులో క్రొత్తవారికి పేరు చెప్పునపుడు శకారమా సకారమా అని వారు రెండుసార్లు అడుగుట మనకు అనుభవమే గదా.

తెలుగు నాడుననే పెరిగిన పిల్లవాడు స్పీకరు మ్రింగిన వత్తును తన జ్ఞాపకమునుండి పూరించుకొనును. మన పిల్లవానికి పూరించుకొనుటకు తగిన నిలువ ఇంకను ఏర్పడలేదు. వానికి వినబడినదే పాఠము.

పెద్ద పెట్టె వలదనుటకు ముఖ్యకారణమిదియే. అంగళ్లలో 'బేసు' అని పిలుచు మంద్రధ్వని పొగడ్త వినని దినము లేదు. మృదంగము, తబలా, సినిమాపాటలోని దెబ్బ దానివలన నిండుగ వినబడుననుట నిజము. నేనును సంగీతద్వేషిని కాను. ఐనను మంద్రధ్వని తనకు పైనున్న ధ్వనులను కప్పివేయు స్వభావము కలది. తారధ్వనులు మంద్రధ్వనులను అంతగా కప్పలేవు. చిన్న గదిలో, అందును గోడమూల నుంచిన పెద్ద పెట్టెనుండి వచ్చు మ్రోత గదిలోనే తిరిగి తిరిగి, మాటలోని సున్నితమైన యక్షరములమీద దుప్పటి కప్పినట్లు చేయును. గంటసేపు వినువానికి అది పండుగ. దినమంతయు వినువానికిని, గోడకు ఆవల నున్న పొరుగువానికిని అది శిక్ష.

వాట్ల సంగతి చెప్పకున్న ఈ వ్యాసము అసంపూర్ణమగును. ఒక యంగడిలో అరచేయి యంతటి స్పీకర్లను నా చేతికిచ్చి, "సారూ, ఇది వెయ్యి వాట్లు, పెట్టినారంటే ఇల్లంతా అదురుతుంది" అని అంగడి కుఱ్ఱవాడు చెప్పెను. "అదరకుండా పలికేది ఉందా నాయనా?" అని నేనడిగితిని. వాడు నన్ను విచిత్రముగ చూచెను. ఆ డబ్బామీద వెయ్యి అంకె ప్రక్కన పీయంపీవో అను నాలుగక్షరములుండెను. ఈ కొలత కొక నియమము లేదు. అమ్మువానికి తోచిన అంకెను వేసికొనవచ్చును. చూడవలసినది ఆర్‌యమ్‌యస్ అను పేరున వ్రాయు, ఎడతెగక ఇయ్యగల శక్తి. పై స్పీకర్లకు వేఱుగా కరెంటు తీగ లేదు. కంప్యూటరు యూఎస్‌బి రంధ్రమునుండియే విద్యుత్తు తీసికొనునవి. పాత యూఎస్‌బి రంధ్రము 5 వోల్టులవద్ద అర ఆంపియరు ఇచ్చును. విద్యార్థులారా, గుణించి చూడుడు. రెండున్నర వాట్లు. క్రొత్తరకపు యూఎస్‌బి 3.0 రంధ్రము 0.9 ఆంపియరు ఇచ్చిన నాలుగున్నర వాట్లు. రెండున్నర పుచ్చుకొని వెయ్యి యిచ్చు యంత్రము లోకమున లేదు. ఉన్నచో విద్యుత్తు శాఖవారే దానిని కొనియుండెడివారు.

ఎన్ని వాట్లు కావలెననుటయు లెక్కకు అందునదే. సామాన్యమైన చిన్న స్పీకరునకు 1 వాటు ఇచ్చిన 1 మీటరు దూరమున సుమారు 80 డెసిబెల్స్ ధ్వని వచ్చును. అది పిల్లలకు విధించిన హద్దునకు మించినదే. ఇరువురు ఎదురెదురుగ మాటాడు ధ్వని 60 డెసిబెల్స్. 10 డెసిబెల్స్ తగ్గిన శక్తి పదవవంతగును, 20 తగ్గిన నూఱవవంతగును. అనగా మనకు సుఖముగ వినబడు మాటకు వాటులో నూఱవవంతు చాలును. మాటలోను పాటలోను నడుమ నడుమ వచ్చు ఊపుల కొఱకు దానికి ముప్పదిరెట్లు విడిచినను వాటులో మూడవవంతు కాదు. లాజిటెక్ సంస్థవారి జెడ్120 అను చిన్న జతకు ఆ సంస్థ చెప్పిన శక్తి 1.2 వాట్లు. అంత చిన్న అంకె చూచి నవ్వనక్కఱలేదు. మూరెడు దూరమున కూర్చుండువానికి అదియు ఎక్కువే. దానికంటె మేలైనవి లేవని నా భావము కాదు. నిజమైన అంకె ఎంత చిన్నదిగ నుండునో తెలుపుటకు చెప్పితిని.

అలసటను గూర్చి కొంత చెప్పవలెను. మన చెవి 2,000 మొదలు 5,000 హెర్ట్జ్ వఱకు గల ధ్వనులకు మిక్కిలి సున్నితము. స్పష్టతకొఱకని ఆ ప్రాంతమును అతిగా పెంచిన స్పీకర్లును అంగళ్లలో కలవు. మొదట అవి చుఱుకుగా, మెఱుపుగా వినబడును. అరగంటలో సకారము ఈలవలె చెవిని గుచ్చుట మొదలిడును. గొంతునకు మించి అరచునపుడు పుట్టు బొంగురు, ఏమియు పలుకనపుడును వినబడు 'స్స్స్' అను రొద, కరెంటు తీగనుండి వచ్చు 'గుయ్' అను శబ్దము, ఇవన్నియు ఒక్కొక్కటిగ స్వల్పములు. సాయంకాలమునకు తల బరువెక్కించునవి ఇవియే. అలసటను కనిపెట్టుట కొక సులభోపాయమున్నది. అరగంట విని స్పీకరును హఠాత్తుగా ఆపుడు. 'అమ్మయ్య' అనిపించినచో అది మీ కొఱకు చేసినది కాదు.

తగ్గుస్వరమున వినునపుడు మంద్రధ్వని తేలిపోవుటయు సహజమే. అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లోనే దీనిని కొలిచి చూపిరి. ధ్వని తగ్గినకొలది మన చెవి మంద్రమును ఇతర ధ్వనులకంటె ఎక్కువగా కోల్పోవును. కనుక బొత్తిగా మంద్రము లేని ఫోను స్పీకరు కూడ దినమంతయు వినుటకు తగదు. దాని మాట రేకుడబ్బా మాట. సుమారు మూడంగుళముల పొర గల స్పీకరు పురుషకంఠమును నిండుగనే పలుకును. రెండంగుళముల పొర మాటకు చాలును గాని పాటకు కొంచెము పలుచన. ఇంకను సొమ్మున్నచో తారధ్వనుల కొఱకు వేఱొక చిన్న పొర గల జతను కొనవచ్చును. నాలుగంగుళములకు మించినది బల్లమీద మీ పుస్తకములకు చోటు మిగుల్చదు.

మిగిలిన గుణములలో నేను పట్టుపట్టునవి రెండు మూడు మాత్రమే. ధ్వనిని హెచ్చించి తగ్గించు మర ముందువైపున, చేతికందునట్లుండవలెను. వెనుక నుండిన ఎవరును తగ్గింపరు. కంప్యూటరునకు తీగతోనే కలుపవలెను. బ్లూటూత్ ద్వారా వచ్చు మాట సెకండులో అయిదవవంతు వఱకు ఆలస్యమగుట సామాన్యము. పాటకు దోషము లేదు గాని తెరమీద ఉపాధ్యాయుని పెదవి యొకటి, మాట యొకటి అగును. అంతకన్న చిక్కు మఱియొకటి కలదు. కొన్ని స్పీకర్లు కొంతసేపు ధ్వని రానిచో విద్యుత్తు పొదుపు కొఱకు తామే నిద్రించును. మరల మాట రాగానే మేల్కొనులోపల మొదటి యక్షరము జాఱిపోవును. ఉక్తలేఖనమున 'అధర్మము' 'ధర్మము' ఐనచో ఏమి చెప్పుదుము? రంగు దీపములను గూర్చి నా కభిప్రాయము లేదు. ఆర్పుటకు మీట యున్న చాలును.

కొనునపుడు అంగడివారి పాటను వినకుడు. వారు ఎన్నుకొన్న పాట ఆ పెట్టె లోపములను దాచునదే యగును. మీ ఫోనులో మీ కుటుంబమున స్పష్టముగ చదువగలవారి చేత కొన్ని మాటల జంటలను చదివించి దాచుకొని పొండు. ఖండము, గండము. ఫలము, పలము. ధార, దార. శమము, సమము. ముందుగా దానిని ఇంటిలో మంచి ఇయర్‌ఫోనులతో విని, రికార్డు సరిగా నున్నదని తెలిసికొనుడు. అంగడిలో ధ్వనిని బాగుగ తగ్గించి, మూరెడున్నర దూరమున నిలిచి, కన్నులు మూసికొని వినుడు. వెంట పిల్లవాని తీసికొనిపోయి వానిచేత కాగితముపై వ్రాయించిన ఇంకను మేలు. వాని చెవి మన చెవికన్న నమ్మదగినది. వయస్సు పెరిగినకొలది తారధ్వనులు మనకు తగ్గిపోవుచుండును. నాకు నలుబది దాటినవి. నేను బాగున్నదన్న స్పీకరును తొమ్మిదవ తరగతి బాలిక "ఈల వేస్తోంది సార్" అని త్రోసివేసినది. ఆమె చెప్పినదే నిజము.

కొన్న తరువాత ఉంచుచోటు సగము పని. గ్రంథాలయమున నేను చేసిన తప్పు ఇదియే. స్పీకరు బల్లమీద పడియుండి ఎదురుగ చూచుచున్న, దాని మాట వినువాని ఱొమ్మునకు తగులును గాని చెవికి చేరదు. బల్లచెక్కమీద పడి తిరిగివచ్చిన ధ్వని అసలు ధ్వనితో కలిసి మాటను మసకపఱచును. పొర వినువాని చెవుల యెత్తునకు వచ్చునట్లు స్పీకరును పైకెత్తవలెను, లేదా ముఖము పైకి తిరుగునట్లు వాల్చవలెను. క్రియేటివ్ సంస్థవారి పెబుల్ అను స్పీకర్లలో పొరలను 45 డిగ్రీలు పైకి తిరిగియుండునట్లే అమర్చుటలోని యుద్దేశము ఇదియే. ఆ సౌకర్యము లేనివాని క్రింద పుస్తకములు పేర్చిన చాలును. చదువుటకు పనికిరాని పాత గైడు పుస్తకములు ఇందుకు మిక్కిలి ప్రశస్తములు. వెనుక గోడకు జానెడైనను ఎడముంచుడు. రెండు స్పీకర్ల నడుమ ఎంత దూరమో, వినువానికి ఒక్కొక్కదాని నుండి అంతే దూరముండిన మంచిది. గ్రంథాలయమున పాత స్పీకరును ఇట్లు త్రిప్పి, ఎత్తుగ నుంచిన పిమ్మట, అది మంచి స్పీకరు కాకపోయినను, ఉక్తలేఖనమున కొంత మేలు కనబడినది. కాసైన ఖర్చు కాలేదు.

పెద్ద సెట్టును కోరినవారి వాదములో నేను కాదనలేని యంశ మొకటి కలదు. బడి వార్షికోత్సవమునకు, నాటకములకు ఈ చిన్న జత బొత్తిగ పనికిరాదు. నలుబదిమంది గల తరగతికిని చాలదు. మనమున్న దూరము రెట్టింపైనకొలది 6 డెసిబెల్స్ తగ్గుచుండును గనుక, వెనుక వరుసకు చేరునప్పటికి దాని మాట అణగిపోవును. ఉత్సవమునకు మనము ఏటేట సౌండు సెట్టువారిని పిలుచుచునే యున్నాము. సంవత్సరమున రెండు దినముల పనికి కొన్నదానిని మిగిలిన దినములలో నలుగురు పిల్లల బల్లవద్ద వాడుట ఏటి పడవను కాలువలో నడపుటవంటిది. మిగిలిన సొమ్ముతో తెలుగు కథలను చక్కని కంఠముతో చదివించి రికార్డు చేయించుకొన్న, స్పీకరునకు పలుకుటకు మంచి సరుకు దొరకును. మన యూళ్లలోని అవ్వల కంఠములే అందుకు చాలునని నా యాశ.

సంఘపు తదుపరి సమావేశమునకు ముందు రెండు రకములను గ్రంథాలయమున నుంచి వినిపించుటకు ప్రధానోపాధ్యాయులవారు అనుమతించిరి. పెద్ద సెట్టును తమ యింటినుండి తెచ్చుటకు, నన్ను ప్రశ్నించిన తండ్రిగారే యంగీకరించిరి. చిన్న జత నాది. ఏడవ తరగతి పిల్లలు నలుగురు ఉక్తలేఖనము వ్రాయుదురు. ఏది వినుచు ఏది వ్రాసినదియు తెలియకుండ కాగితములను కలిపి, దిద్దు పనిని వేఱొక యుపాధ్యాయునికి అప్పగించితిని. తల్లిదండ్రులు దయచేసి రావలెను. వచ్చినవారు నిలుచుండి కాక, పిల్లల కుర్చీలలో కూర్చుండి వినవలెనని మనవి. అవి కొంచెము చిన్నవి.